బొంతయ్య కొట్టులో మూడు ప్రశ్నలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక కొట్టు.

నవ్వకండి. అడవిలో కొట్టు ఎందుకు ఉండకూడదు? కోతికి కుంకుడుకాయలు అక్కర్లేదా? జింకకు దగ్గొస్తే కరక్కాయ వద్దా? మీకు కథలో పులీ సింహమూ ఉంటేనే చెవులు నిక్కబొడుచుకుంటాయి, నాకు తెలుసు. ఈ కథలో అవి లేవు. అవి ఏదీ కొనవు, ఊరికే పట్టుకుపోతాయి. అందుకని వాటిని బయటే కూర్చోబెట్టి కథ మొదలుపెడుతున్నాను.

కొండ మొదట్లో ఒక పెద్ద బండ గొడుగులా ముందుకు వంగి ఉండేది. ఆ బండ కిందే కొట్టు. ఎండ తగలదు, వాన పడదు. కొట్టు యజమాని ఒక ఎలుగుబంటి. ఒళ్లంతా దట్టంగా జుట్టు కాబట్టి అందరూ ఆయన్ని బొంతయ్య అనేవాళ్లు. తేనె పట్టడం, మందులు నూరడం, ఈతచాపలు అల్లడం, అన్నీ ఆయనే చేసేవాడు. కొట్టు ముందు ఒక రాతిబల్ల. దాని మీద కూర్చుని, వచ్చినవాళ్లకు సరుకు అందించేది గోరింట అనే గోరువంక. గోరింట గూడు కూడా అదే బండ చీలికలో ఉండేది.

"కొట్టు చూసుకున్నన్నాళ్లూ ఈ చీలిక నీదేనమ్మా" అన్నాడు బొంతయ్య.

ఆ చీలికంటే గోరింటకు ప్రాణం. ఎంత గాలివానొచ్చినా అందులో ఒక్క చుక్క పడేది కాదు.

ఆ కొట్టులో డబ్బుల గొడవ లేదు. ఎవరి దగ్గర ఏముంటే అది తెచ్చి ఇచ్చేవాళ్లు, తమకు కావలసింది పట్టుకెళ్లేవాళ్లు. వచ్చినవాళ్లు రాతిబల్ల ముందు నిలబడి తీరిగ్గా చెప్పుకునేవాళ్లు. "మా అత్తకు మోకాళ్లు పట్టేశాయమ్మా", "మా బుడ్డోడికి పళ్లొస్తున్నాయి, అన్నీ కొరికేస్తున్నాడు" అని. గోరింట తల పక్కకు వంచి అంతా వినేది. విన్నాక, ఏది కావాలో అదిచ్చి పంపేది.

ఇప్పుడు ఆ అడవి గురించి మీకొక సంగతి చెప్పాలి. అక్కడ అందరికీ మొహమాటం ఎక్కువ. ఎవరైనా ఎదురుగా నిలబడి "ఇది తీసుకోండి" అంటే "వద్దు" అనడానికి వాళ్లకు నోరొచ్చేది కాదు. ముఖం మీద వద్దంటే ఎదుటివాళ్లు చిన్నబుచ్చుకుంటారని బెంగ. అలాంటి చోట కొట్టు పెట్టినవాడు ఎంత జాగ్రత్తగా ఉండాలో మీరే ఆలోచించండి.

బొంతయ్యకు ఒక దిగులుండేది. ముళ్లపంది రాల్చిన ముళ్లు ఏరుకొచ్చి, వాటితో ఆయన దువ్వెనలు చేశాడు. ఒకటీ రెండూ కాదు, ఒక గుట్టెడు. రోజూ పొద్దున్నే జుట్టంతా దువ్వుకుంటే ఆయనకు ఎంతో హాయిగా ఉండేది. తనకు హాయిగా ఉంది కాబట్టి అందరికీ కావాలి అనుకున్నాడు. కానీ ఒక్కరూ దువ్వెన అడగలేదు. ఆ గుట్ట అలాగే పడి ఉంది.

ఒకరోజు పట్నం నుంచి ఒక కాకి వచ్చాడు. పేరు కాటుకరాజు. పట్నంలో ఒక పెద్ద దుకాణం ఎదురుగా, కరెంటు తీగ మీద కూర్చుని చాలాకాలం గడిపినవాడు. లోకం అంతా చూశానని ఆయన నమ్మకం.

"ఇదేం కొట్టు అన్నా?" అన్నాడు కాటుకరాజు. "అడిగింది ఇచ్చి పంపించేస్తున్నారు! పట్నంలో అలా చేయరు. బల్ల దగ్గరకు వచ్చినవాణ్ణి మూడు ప్రశ్నలు అడగందే వదలరు."

"ఏం ప్రశ్నలు?" అన్నాడు బొంతయ్య.

"మొదటిది, 'ఆకు ఉందా?' పట్నంలో అట్టముక్క ఇస్తారులే. మనం మోదుగాకు ఇద్దాం. వచ్చినప్పుడల్లా గోరింట ముక్కుతో ఒక చిల్లు పెడుతుంది. ఆకు నిండా చిల్లులు పడితే ఒక తేనెతుట్టె ముక్క ఉచితం. రెండోది, 'దీంతోపాటు దువ్వెన కూడా తీసుకోకూడదా?'"

దువ్వెన మాట వినగానే బొంతయ్య ముఖం వెలిగిపోయింది.

"మరి మూడోది?"

"'మీ ఇల్లెక్కడ?' అది తెలిస్తే కొత్త సరుకు రాగానే నేను వాళ్ల గుమ్మం ముందు వాలి చెప్పి వస్తాను. అంతే అన్నా! చూస్తూ ఉండు, ఆ గుట్ట ఎలా కరిగిపోతుందో."

బొంతయ్యకు అది బాగా నచ్చింది. గోరింటను పిలిచి చెప్పాడు.

"ఇకమీదట మూడు ప్రశ్నలూ అడగకుండా ఎవరి చేతికీ సరుకు ఇవ్వొద్దమ్మా."

"అలాగే బాబాయ్" అంది గోరింట. బాబాయ్ మాట కాదనే అలవాటు ఆమెకూ లేదు.

మర్నాడు పొద్దున్నే తాబేలు డొప్పయ్య వచ్చాడు. ఆయనకు కావలసింది నాలుగు ఉసిరికాయలు.

"తాతా, ఆకు ఉందా?" అంది గోరింట.

"ఏ ఆకమ్మా?"

"చిల్లుల ఆకు. లేకపోతే కొత్తది ఇస్తాను, ఊరికేనే."

"ఊరికే అంటున్నావు, ఇవ్వు మరి" అన్నాడు డొప్పయ్య. ఆకు తీసుకుని, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చంకలో ఇరికించుకున్నాడు.

"ఉసిరికాయలతోపాటు దువ్వెన కూడా తీసుకోకూడదా?"

డొప్పయ్య తన నున్నటి తల తడుముకున్నాడు. ఒకసారి దువ్వెన వంక చూశాడు, ఒకసారి గోరింట వంక చూశాడు. గోరింట ఆశగా చూస్తోంది. పాపం ఆయనకు నోరు పెగల్లేదు.

"సరే, ఇవ్వమ్మా. ఎప్పటికైనా పనికొస్తుంది."

"మీ ఇల్లెక్కడ తాతా?"

"ఇదిగో, వీపు మీద" అన్నాడు డొప్పయ్య.

పైన కొమ్మ మీద నుంచి కాటుకరాజు విసుక్కున్నాడు. "అది చెల్లదు! ఏ మడుగులో ఉంటాడో అడుగు."

డొప్పయ్య మడుగు ఎక్కడో చెప్పి, దువ్వెన పట్టుకుని, నెమ్మదిగా ఇంటికి నడిచాడు. ఉసిరికాయలు తినడం కంటే దువ్వెన మోయడమే పెద్దపనయింది ఆయనకు.

తర్వాత అడవిమేక మంగతాయి వచ్చింది. ఈమె సంగతి వేరు. ఆకు చేతికివ్వగానే నమిలేసింది. గోరింట ఇంకొకటి ఇచ్చింది. అదీ నమిలేసింది.

"ఆకు లేతగా బాగుందమ్మాయ్, ఇంకోటుందా?" అంది.

దువ్వెన మాత్రం ఆమె సంతోషంగా తీసుకుంది. అడవి మొత్తం మీద ఆ దువ్వెన నిజంగా పనికొచ్చింది మంగతాయి గడ్డానికే.

ఇక గుడ్లగూబ గూబయ్య కష్టం చెబితే మీరు నవ్వుతారు, నాకు మాత్రం జాలేస్తుంది. ఆయన ఇల్లెక్కడో చెప్పి వెళ్లిపోయాడు. రాత్రంతా తిరిగి, తెల్లవారాక కాస్త కళ్లు మూతపడుతుండగా గుమ్మంలో కాటుకరాజు వాలాడు.

"కొత్త సీకాయ వచ్చిందహో! నురగే నురగ!"

గూబయ్య ఎర్రటి కళ్లు తెరిచి, "చాలా సంతోషం నాయనా" అన్నాడు. అంతకంటే గట్టిగా అనడం ఆయనకు చేతకాదు. మర్నాడు ఆ చెట్టు వదిలేసి వేరే చెట్టుకు మారాడు. కాటుకరాజు ఆ చెట్టు కూడా కనుక్కున్నాడు.

అలా రోజులు గడిచాయి. చిల్లుల ఆకులంటారా, అవి నిండేలోపే ఎండి పొడిపొడి అయిపోయేవి. కుందేళ్లు వాటిని ఎంతో జాగ్రత్తగా రెండు చేతుల్లో పట్టుకొచ్చేవి, కొట్టు దాకా వచ్చేసరికి చేతిలో పొడి మాత్రం మిగిలేది. అప్పుడు మళ్లీ కొత్త ఆకు, మళ్లీ మొదటి చిల్లు. తేనెతుట్టె ముక్క ఎవరికీ దక్కలేదు. ఎవరూ అడగలేదు కూడా.

దువ్వెనల గుట్ట మాత్రం రోజురోజుకీ తగ్గుతూ వచ్చింది. బొంతయ్య పొంగిపోయాడు.

గోరింటకు మాత్రం ఏదో వెలితిగా ఉండేది. మూడు ప్రశ్నలూ అందరినీ అడిగి అడిగి గొంతు ఎండిపోయేది. వరుస కొండ మలుపు దాకా పెరిగేది. ఇదివరకు బల్ల ముందు నిలబడి కబుర్లు చెప్పినవాళ్లు ఇప్పుడు నేల చూపులు చూస్తూ గబగబా జవాబులు చెప్పి వెళ్లిపోతున్నారు.

"బాబాయ్, ఎవరూ మాట్లాడటం లేదు" అంది ఒకసారి.

"మాట్లాడకపోతే ఏమైందమ్మా, కొంటున్నారుగా" అన్నాడు బొంతయ్య, ఇంకొక దువ్వెన చెక్కుతూ.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం జరిగిన సంగతి ఇది. ఇప్పటిదాకా నవ్వింది సరే, ఇక కాస్త శ్రద్ధగా వినండి.

వాగు అవతల చారలమ్మ అనే ఉడుత ఉండేది. ఆమెకు ఒక్కతే కూతురు. పేరు చిట్టి. ఆ చిట్టి కందిరీగల పట్టును చూసి ఏదో పండనుకుని మూతి పెట్టింది. గొంతు మీద కందిరీగ కుట్టింది. చూస్తుండగానే గొంతు వాచింది. ఊపిరి పీల్చుకుంటే ఈల వేసినట్టు శబ్దం వస్తోంది.

 బొంతయ్య కొట్టులో వాపు తగ్గించే పసరుముద్ద ఉంటుందని చారలమ్మకు తెలుసు. పిల్లను పక్క కొమ్మ మీది పావురానికి అప్పగించి, "ఇప్పుడే వచ్చేస్తా" అని పరుగు తీసింది.

కొట్టు దగ్గరకు వచ్చి చూస్తే పెద్ద వరుస. ముందు అడవిపంది, దాని వెనక ఉడుములు, ఆ వెనక కుందేళ్ల కుటుంబం మొత్తం. "నా బిడ్డకు బాగాలేదు, నన్ను ముందు వెళ్లనివ్వండి" అంటే చాలు, అందరూ పక్కకు తప్పుకునేవాళ్లే. కానీ అందరినీ దాటుకుని వెళ్లడానికి మొహమాటం అడ్డొచ్చింది. ఆమె కాలు మార్చి కాలు వేస్తూ నిలబడింది. ముందున్న ప్రతివాళ్లకూ అవే మూడు ప్రశ్నలు. ఆకు ఉందా? దువ్వెన తీసుకోకూడదా? ఇల్లెక్కడ? చారలమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి ఆమె వంతు వచ్చింది.

"వాపు పసరు కావాలమ్మా, తొందరగా..."

గోరింట వెనక్కి తిరిగి పసరుముద్ద పొట్లం తీసింది. రాతిబల్ల మీద పెట్టింది. కానీ పొట్లం మీద నుంచి కాలు తీయలేదు. పైన కొమ్మ మీద కాటుకరాజు ఉన్నాడు మరి.

"ఆకు ఉందా వదినా?" అంది గోరింట.

"ఎక్కడో పెట్టాను. నాకు తెలీదు. అమ్మా, నా బిడ్డ..."

"పోయిందా? అయితే కొత్తది తీసుకో. ఇదిగో, చిల్లు కూడా పెట్టేశాను. పసరుతోపాటు దువ్వెన కూడా తీసుకోకూడదా?"

చారలమ్మ నోరు తెరిచింది. ఆమె ఏదో అనబోయేలోపే కాటుకరాజు పైనుంచి అందుకున్నాడు.

"ఉడుతమ్మ తోకకు దువ్వెన ఎంత బాగుంటుందో! రెండు తీసుకుంటే సొరబుర్ర ఉచితం!"

వద్దంటే ఇంకో నాలుగు మాటలు చెబుతారు, సరేనంటే వదిలేస్తారు అనుకుంది చారలమ్మ.

"సరే ఇవ్వండి. ఏదో ఒకటి ఇవ్వండి."

రెండు దువ్వెనలు వచ్చాయి. సొరబుర్ర వచ్చింది.

"మీ ఇల్లెక్కడ వదినా?"

"వాగు అవతల, పిడుగు పడి చీలిన మద్దిచెట్టు. కింది తొర్ర."

"మంచిది!" అన్నాడు కాటుకరాజు.

గోరింట పొట్లం మీద నుంచి కాలు తీసింది. చారలమ్మ దువ్వెనలు నోట కరుచుకుంది, సొరబుర్ర చంకన పెట్టుకుంది, ఆకు తోకలో చుట్టుకుంది. వచ్చిన దారినే పరుగెత్తింది.

"తర్వాత ఎవరు?" అంది గోరింట.

ఒక ముసలి కుందేలు ముందుకు వచ్చింది. "ఆకు ఉందా అమ్మమ్మా?" అని అడగబోయి గోరింట బల్ల మీదికి చూసింది. పసరుముద్ద పొట్లం అక్కడే ఉంది.

చారలమ్మ అన్నీ పట్టుకెళ్లింది. కావాలని వచ్చింది మాత్రం వదిలేసి వెళ్లింది.

"అయ్యో, పొట్లం మర్చిపోయింది!" అంది గోరింట.

"మర్చిపోతే తనే వస్తుందిలే" అన్నాడు కాటుకరాజు. "నువ్వు వరుస చూడు. ఎంతమంది ఉన్నారో! కొట్టు వదిలి కదిలావంటే బొంతయ్యన్న ఊరుకోడు. కొట్టు చూసుకున్నన్నాళ్లే ఆ చీలిక నీది, గుర్తుంచుకో."

గోరింట ఒకసారి తన చీలిక వైపు చూసింది. లోపల మెత్తటి ఈకలు, ఎండుగడ్డి పరుచుకుని ఉన్నాయి. వానాకాలం దగ్గర పడుతోంది.

అప్పుడు ఆమెకు ఇందాకటి మాటలు గుర్తొచ్చాయి. "తొందరగా" అంది చారలమ్మ. "నా బిడ్డ" అంది. అన్నప్పుడు ఆ మాటలు గోరింట చెవిలో పడ్డాయి. కానీ అప్పుడామె తర్వాతి ప్రశ్న ఏమిటా అని చూసుకుంటోంది. వాపు పసరు ఎవరికని అడగనే లేదు. ఏమైందని అడగనే లేదు.

"చీలిక పోతే పోయింది" అనుకుంది గోరింట. పొట్లం ముక్కున కరుచుకుని ఒక్క ఉదుటున ఎగిరింది.

"ఏయ్! వరుస! వరుస!" అని వెనక కాకి అరుస్తూనే ఉన్నాడు.

వాగు దాటింది. పిడుగు పడి చీలిన మద్దిచెట్టు దూరం నుంచే కనపడింది. ఆ ఇల్లెక్కడో గోరింట అడిగింది దువ్వెనలు అమ్ముకోవడం కోసం. ఇప్పుడు అదే జవాబు పట్టుకుని వెళ్తోంది.

చారలమ్మ అప్పుడే ఇల్లు చేరింది. తొర్ర ముందు దువ్వెనలు పడేసింది, సొరబుర్ర పడేసింది, ఆకు విదిలించింది. చేతులు తడుముకుంది. పొట్లం లేదు. మళ్లీ తడుముకుంది.  తొర్రలో చిట్టి ఊపిరి ఆగి ఆగి వస్తోంది. పావురం ఏడుస్తోంది. మళ్లీ అంత దూరం వెళ్లి, అంత వరుసలో నిలబడి వచ్చేసరికి బిడ్డ దక్కుతుందా?

"వదినా! ఇదిగో!"

గోరింట పొట్లాన్ని సరిగ్గా ఆమె ఒళ్లో పడేలా వదిలింది.

 చారలమ్మ పొట్లం విప్పి, పసరు తీసి పిల్ల గొంతుకు పట్టించింది. గోరింట రెక్కలతో విసురుతూ కూర్చుంది. కొంచెంసేపు ఏమీ మారలేదు. ఆ కాసేపు గోరింట ఎంత భయపడిందో చెప్పలేను. తర్వాత ఈల శబ్దం మెల్లగా తగ్గింది. వాపు కాస్త మెత్తబడింది. చిట్టి కళ్లు తెరిచి, "అమ్మా, దాహం" అంది.

ఆ మాట విని చారలమ్మ, పావురం, గోరింట ముగ్గురూ ఒకేసారి ఏడ్చేశారు. సంతోషమొచ్చినా కన్నీళ్లే వస్తాయి, ఏం చేస్తాం.

చిట్టి నీళ్లు తాగి పడుకున్నాక గోరింట నెమ్మదిగా అడిగింది.

"పిల్లకు ఇంత ప్రమాదంగా ఉందని ఎందుకు చెప్పలేదు వదినా? చెబితే పొట్లం చేతిలో పెట్టి అప్పుడే పంపేదాన్ని కదా."

చారలమ్మకు కోపం రాలేదు. ఉన్నమాటే చెప్పింది.

"నువ్వు అడుగుతూనే ఉన్నావు కదమ్మా. నేను జవాబులు చెబుతూనే ఉన్నాను. ఇంక నా మాట చెప్పడానికి సందు ఎక్కడుంది?"

 ఆ మాట గోరింటకు గట్టిగా గుచ్చుకుంది.

కొట్టుకు తిరిగి వచ్చేసరికి రాతిబల్ల దగ్గర బొంతయ్యే నిలబడి ఉన్నాడు. కాటుకరాజు ఆయన భుజం మీద కూర్చుని ఉన్నాడు. వరుసలో ఒక్కరూ కదలలేదు.

"చూశావా అన్నా! చెప్పానా, పని వదిలేసి ఎగిరిపోయిందని!" అన్నాడు కాటుకరాజు.

"ఎక్కడికెళ్లావమ్మా?" అన్నాడు బొంతయ్య. గొంతులో కోపం ఉంది.

గోరింట జరిగిందంతా చెప్పింది. ఏదీ దాచలేదు. పొట్లం మీద కాలు పెట్టుకుని తను మూడు ప్రశ్నలూ అడిగిన సంగతి కూడా చెప్పింది.

"బాబాయ్, చీలిక ఖాళీ చేయమంటే చేస్తాను. కానీ ఆ మూడు ప్రశ్నలూ ఇక నా నోటి నుంచి రావు. వాటి హోరులో ఒక తల్లి మాట నాకు వినపడలేదు."

 బొంతయ్య వరుసలో ఉన్నవాళ్ల వైపు తిరిగాడు.

"మీలో దువ్వెన నిజంగా కావాలని కొన్నవాళ్లు ఎవరు?"

అందరూ నేల చూపులు చూశారు. మంగతాయి ఒక్కతే గడ్డం నిమురుకుంటూ, "నాకైతే బాగానే ఉంది" అంది.

వెనక నుంచి తాబేలు డొప్పయ్య ముందుకు వచ్చాడు. రావడానికే కాస్త సమయం పట్టింది, అందరూ ఆగారు.

"బొంతయ్యా, ఏమీ అనుకోనంటే ఒక మాట చెబుతాను."

"చెప్పు."

"నాకు జుట్టు లేదు."

 వరుసలో ఉన్నవాళ్లు కిసుక్కున నవ్వారు. మంగతాయి పగలబడి నవ్వింది. బొంతయ్య కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వీ నవ్వీ, ఆగిపోయి, ముఖం దించుకున్నాడు.

"మరి అప్పుడే వద్దని చెప్పొచ్చు కదా తాతా?" అన్నాడు.

"పిల్ల అంత ఆశగా అడుగుతుంటే వద్దని ఎలా అనడం?" అన్నాడు డొప్పయ్య.

బొంతయ్య తల ఊపాడు. "మీ అందరికీ మొహమాటమని నాకు తెలుసు. నేనూ ఈ అడవిలోనే పుట్టాను. తెలిసి తెలిసి మీ మొహమాటం మీద వ్యాపారం చేశాను. తప్పు నాది."

ఆ మాట అనడం ఆయనకు తేలిక కాలేదు. ఆయన ముక్కు ఎర్రబడింది. అయినా అన్నాడు. అందుకే నాకు బొంతయ్యంటే ఇష్టం.

తర్వాత ఆయన భుజం మీది కాకిని అడిగాడు. "కాటుకరాజూ, నువ్వు పట్నం దుకాణం చూశానన్నావు. అక్కడ ఈ ప్రశ్నలన్నీ అడిగితే జనం సంతోషంగా ఉండేవాళ్లా?"

కాటుకరాజు ముక్కు గోక్కున్నాడు. రెక్కలు సర్దుకున్నాడు. అబద్ధం చెప్పే అలవాటు ఆయనకు లేదు, గొప్పలు చెప్పుకునే అలవాటే ఉంది.

"అది... నేను తీగ మీద కూర్చునేవాణ్ణి కదన్నా. పైనుంచి వాళ్ల చేతుల్లో సంచులు కనపడేవి. ముఖాలు కనపడేవి కావు."

ఆయన్ని చూస్తే గోరింటకు జాలేసింది. బొంతయ్యకూ కోపం రాలేదు.

"అయితే ఇక్కడ ముఖాలు చూడటం నేర్చుకో" అన్నాడు బొంతయ్య. "అడవిలో అందరి ఇళ్లూ నీకు తెలుసు. కదల్లేనివాళ్లకు, జబ్బుగా ఉన్నవాళ్లకు మందు పట్టుకెళ్లి ఇచ్చే పని నీది. కానీ గుమ్మం ముందు అరిచావంటే మాత్రం ఊరుకోను."

"గూబయ్యగారి చెట్టు దగ్గరైతే అసలు నోరే తెరవను" అన్నాడు కాటుకరాజు వెంటనే.

బొంతయ్య ఇంకొక పసరుముద్ద నూరి పొట్లం కట్టాడు. రాత్రికి చిట్టికి మళ్లీ పట్టించాలి కదా. కాటుకరాజు దాన్ని తీసుకుని వాగు వైపు ఎగిరిపోయాడు. గోరింట మళ్లీ రాతిబల్ల ఎక్కింది. చీలిక సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తనవసరం లేదని ఇద్దరికీ తెలుసు.

ఇందాకటి నుంచి ఓపికగా నిలబడి ఉన్న ముసలి కుందేలు ముందుకు వచ్చింది. వచ్చి, ఊరికే నిలబడింది. గోరింట కూడా ఊరికే కూర్చుంది.

"ఏమే, ఆకు ఉందా అని అడగవా?" అంది కుందేలు.

"అడగను అమ్మమ్మా. నువ్వే చెప్పు."

కుందేలుకు మొదట ఏం చెప్పాలో తోచలేదు. తర్వాత చిన్నగా మొదలుపెట్టింది. మనవరాలికి పిల్లలు పుట్టారని, అంతా బాగుందని, మనవరాలికి మాత్రం రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని చెప్పింది. ఏం కొనాలో తనకు తెలియక వచ్చానని చెప్పింది. గోరింట తల పక్కకు వంచి అంతా విన్నది. ఇప్పపువ్వు కాస్త తేనెలో కలిపి ఇచ్చి పంపింది. వరుసలో ఎవరూ విసుక్కోలేదు. పైగా వెనకవాళ్లు కూడా "ఎంతమంది పుట్టారు? మూడా, నాలుగా?" అని కుశలం అడిగారు.

పొద్దు వాలేవేళకు కాటుకరాజు తిరిగి వచ్చాడు. ఎప్పటిలా అరుచుకుంటూ రాలేదు. వచ్చి గోరింట పక్కన నెమ్మదిగా వాలాడు.

"పిల్ల ఎలా ఉంది?" అంది గోరింట.

"లేచి కూర్చుంది. నన్ను చూసి, 'కాకి మావయ్యా, ఇవాళ ఏం అమ్మడానికి వచ్చావు?' అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

కాటుకరాజు కాసేపు వాగు వైపే చూశాడు.

"'ఏమీ లేదు తల్లీ. నీకెలా ఉందో చూసి రమ్మన్నారు' అన్నాను" అన్నాడు. "అలా చెప్పడం బాగుంది గోరింటా. రేపు కూడా వెళ్తాను."

నీతి: మన దగ్గరకు వచ్చినవాళ్లకు ఏం కావాలో ముందు వినాలి. మనం చెప్పదలచుకున్నది ఏదున్నా ఆ తర్వాతే.